విదేశంలో మొదటి ఏడాది: ఏ ఏర్పాటు ఎంచుకున్నా ముందు బయటపడే దారి చూసుకోండి

చదువు కోసం విదేశానికి బయలుదేరే విద్యార్థి ఆ ఊరి వీధులైనా చూడకముందే ఎక్కడ ఉండాలో, ఏ ఆరోగ్య బీమా తీసుకోవాలో, డబ్బు ఏ దారిన తెప్పించుకోవాలో, ఎలాంటి ఫోన్ కనెక్షన్ పెట్టుకోవాలో తేల్చుకోవలసి వస్తుంది. ఇవన్నీ కొద్ది వారాల్లో, ఫోన్‌లో చూసిన ఫొటోలనూ ముఖపరిచయం లేనివారి మాటలనూ నమ్మి తీసుకోవలసిన నిర్ణయాలు. ఇలాంటి సమయంలో దాదాపు అందరూ వేసుకునే లెక్క ఒక్కటే: నెలకు ఎంత పడుతుంది? ఆ లెక్క అవసరమే. అయితే దానికంటే ముందు వేసుకోవలసిన లెక్క ఇంకొకటి ఉందని నా గట్టి అభిప్రాయం. ఈ ఏర్పాటు నాకు సరిపడకపోతే ఎన్నాళ్ళకు, ఎంత నష్టంతో బయటపడగలను అన్నదే ఆ లెక్క.

తరగతులు ఏ వేళల్లో ఉంటాయో, ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో రాత్రి ఎంతసేపు గడపవలసి వస్తుందో, ఆ వేళకు బస్సులు నడుస్తాయో లేదో, చలికాలంలో గది వెచ్చగా ఉంచుకోవడానికి ఎంత ఖర్చవుతుందో, కలిసి ఉండబోయేవారి అలవాట్లు ఎలాంటివో అక్కడ ఒక సెమిస్టర్ గడిపితే తప్ప తెలియదు. తెలియని విషయాల మీద వేసిన అంచనాల్లో కొన్ని తప్పడం ఖాయం కాబట్టి, తప్పిన అంచనాను దిద్దుకునే వీలున్న ఏర్పాటుకు కొంచెం ఎక్కువ చెల్లించినా ఆ డబ్బు వృథా పోదు. రెండో ఏడాదికి ఊరు అర్థమవుతుంది. చవకైనదాన్ని అప్పుడు నిదానంగా వెతుక్కోవచ్చు.

ఇల్లు: అద్దె ఎంత అన్నది సగం ప్రశ్న మాత్రమే

విశ్వవిద్యాలయం నడిపే హాస్టల్, ప్రైవేటు సంస్థలు నడిపే విద్యార్థి నివాసం, నలుగురితో పంచుకునే ఫ్లాట్, ఒక్కరే ఉండే చిన్న ఫ్లాట్, స్థానిక కుటుంబం ఇంట్లో గది. సాధారణంగా విద్యార్థులకు దొరికే దారులు ఈ అయిదు. వీటిలో మొదటి ఏడాదికి విశ్వవిద్యాలయ హాస్టల్‌కే నా ఓటు. కరెంటు, నీళ్ళు, గది వెచ్చదనం, ఇంటర్నెట్, మంచం, బల్ల అన్నీ చాలా చోట్ల అద్దెలోనే కలిసి ఉంటాయి. స్థానిక హామీదారును చూపించమనో, అప్పులు సక్రమంగా తీర్చిన చరిత్ర చూపించమనో సాధారణంగా అడగరు. ఏదైనా గొడవ వస్తే ఫిర్యాదు చేయడానికి అదే ప్రాంగణంలో ఒక కార్యాలయం ఉంటుంది. జర్మనీలో విద్యార్థి సేవా సంస్థలు, ఫ్రాన్స్‌లో క్రూస్ అనే ప్రభుత్వ విద్యార్థి సేవా సంస్థ నడిపే నివాసాలైతే బయటి అద్దెలకంటే చవకగానే ఉంటాయి గాని, వాటికి నిరీక్షణ జాబితా పొడుగ్గా ఉంటుంది. అందువల్ల ప్రవేశ పత్రం చేతికి వచ్చిన రోజే హాస్టల్ దరఖాస్తు కూడా పంపడం మంచిది. వీసా వచ్చాక చూద్దామనుకునేవారికి సాధారణంగా మిగిలేది నిరీక్షణే.

హాస్టల్‌కు లోపాలు లేకపోలేదు. కొన్ని చోట్ల సెలవుల్లో గదులు ఖాళీ చేయిస్తారు, కొన్ని చోట్ల భోజనశాల రుసుము తప్పనిసరి, వంటగది ఉన్నా ఇరవైమందికి ఒకటి ఉండవచ్చు. మధ్యలో వెళ్ళిపోవాలంటే మన స్థానంలో మరో విద్యార్థిని చూపించమని షరతు పెట్టే హాస్టళ్ళు కూడా ఉన్నాయి. సంతకానికి ముందు ఈ నాలుగు విషయాలనూ ఈమెయిల్‌లో అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోవాలి.

ప్రైవేటు విద్యార్థి నివాసం చూడటానికి హాస్టల్ లాగానే ఉంటుంది, ఇంకా అందంగానే ఉంటుంది. తేడా అంతా ఒప్పందంలో ఉంటుంది. గది ఖాయం చేసుకున్న క్షణం నుంచి నిర్ణీత కాలం మొత్తానికీ అద్దె బాధ్యత మన మీద పడే ఒప్పందాలు ఇక్కడ ఎక్కువ. వీసా నిరాకరించినా, ప్రవేశం రద్దయినా డబ్బు తిరిగి ఇస్తారా, ఇస్తే ఏ పత్రం చూపించాలి, ఏ తేదీలోపు తెలపాలి అన్నవి ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే ఆ గది ఎంత బాగున్నా వదులుకోవడమే క్షేమం.

పంచుకునే ఫ్లాట్ విషయంలో చాలామంది గమనించని భేదం ఒకటి ఉంది. నలుగురూ కలిసి ఒకే లీజు మీద సంతకం చేయడం ఒక పద్ధతి. ఎవరి గదికి వారు విడిగా ఒప్పందం చేసుకోవడం ఇంకో పద్ధతి. ఉమ్మడి లీజులో సాధారణంగా ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులు. అంటే నలుగురిలో ఒకరు మూడో నెలలో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, ఆ గది అద్దెను మిగిలిన ముగ్గురి నుంచీ వసూలు చేసే హక్కు యజమానికి ఉంటుంది. ఇంకా పరిచయమైనా లేని ముగ్గురితో కలిసి ఇలాంటి సంతకం చేయడమంటే, వారి ఆర్థిక పరిస్థితికి మనం పూచీ పడటమే. గదుల వారీ ఒప్పందానికి అద్దె కాస్త ఎక్కువైనా, మొదటి ఏడాదికి అదే మేలు. ప్రాణస్నేహితులతో కలిసి తీసుకుంటున్నా సరే, ఒకరు మధ్యలో వెళ్ళవలసి వస్తే కొత్తవారిని ఎవరు వెతకాలి, అంతవరకు అద్దె ఎలా పంచుకోవాలి అన్నది కాగితం మీద రాసుకుని తలా ఒక ప్రతి దగ్గర పెట్టుకోవడం స్నేహానికి కూడా మంచిది.

మూడో రకం కూడా ఒకటుంది: అసలు అద్దెదారు నుంచి మనం తిరిగి అద్దెకు తీసుకోవడం, అంటే సబ్‌లెట్. ఇది తక్కువ కాలానికి దొరుకుతుంది, బయటపడటమూ సులువే. కానీ యజమాని రాతపూర్వక అనుమతి లేని సబ్‌లెట్‌లో మనకు రక్షణ చాలా తక్కువ. జర్మనీలో అయితే మరో చిక్కు ఉంది. కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లో స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. నివాస అనుమతికీ, పన్ను సంఖ్యకీ, ఇంకా అనేక పనులకూ ఆ నమోదే ఆధారం. ‘ఇల్లు ఇస్తాను గాని నమోదు చేయించుకోకూడదు’ అనే వారి గది ఎంత చవకైనా అది విద్యార్థికి పనికివచ్చే గది కాదు.

పంచుకోవడంలో ఖర్చు తగ్గే చోట్లూ, అనుకోకుండా పెరిగే చోట్లూ దేశాన్ని బట్టి మారతాయి. జర్మనీలో రేడియో, టీవీల కోసం కట్టే ప్రసార రుసుము మనిషికి కాక ఇంటికి ఒక్కటే, కాబట్టి నలుగురున్న ఇంట్లో అది నాలుగో వంతు అవుతుంది. ఇంగ్లండ్‌లో ఇంట్లో ఉన్నవారందరూ పూర్తికాలపు విద్యార్థులైతే కౌన్సిల్ పన్ను, అంటే స్థానిక సంస్థ వేసే ఇంటి పన్ను, ఉండదు. విద్యార్థి కాని వ్యక్తి ఒక్కరు చేరినా ఆ ఇంటికి బిల్లు రావచ్చు. కొత్త సహవాసి ఎవరన్న ప్రశ్న అక్కడ డబ్బుతో కూడా ముడిపడి ఉంది.

ఇక లెక్క విషయం. హాస్టల్ గది అద్దె నెలకు 100 అనుకుందాం, ఒప్పందం 10 నెలలు, మొత్తం 1,000. పంచుకునే ఫ్లాట్‌లో గది నెలకు 75, లీజు 12 నెలలు; మొత్తం 900. పైకి 100 మిగిలినట్టు కనిపిస్తుంది. కరెంటు, వెచ్చదనం, ఇంటర్నెట్‌లకు నెలకు 10 చొప్పున 120, పరుపు, బల్ల, వంట సామానుకు 60, తరగతులు జరిగే పది నెలల ప్రయాణానికి నెలకు 8 చొప్పున 80 కలిపితే ఆ ఫ్లాట్ ఖర్చు 1,160కి చేరుతుంది. సెలవుల రెండు నెలలూ గదిని మరొకరికి ఇచ్చుకునే అనుమతి లీజులో ఉండి, ఎవరైనా దొరికితే 150 తిరిగి వచ్చి ఖర్చు 1,010 అవుతుంది, అంటే దాదాపు హాస్టల్‌తో సమానం. ఒక్క షరతు ఉండటం, లేకపోవడం మధ్య తేడా ఇక్కడ రెండు నెలల అద్దె. ఈ లెక్కలో మీ ఊరి అంకెలు వేసి చూస్తే ఫలితం వేరుగా రావచ్చు. ఫ్లాటే నయమని తేలవచ్చు కూడా. కానీ నెల అద్దెలను మాత్రమే పక్కపక్కన పెట్టి తేల్చుకోకూడదు. ప్రయాణ సమయాన్ని కూడా మరవవద్దు: ఒక వైపు 40 నిమిషాలంటే వారానికి అయిదు రోజుల్లో 6 గంటల 40 నిమిషాలు పోతాయి.

డిపాజిట్‌ను చూసేటప్పుడు ఎంత కట్టాలన్నదానికంటే ఎంత తిరిగి వస్తుందన్నది ముఖ్యం. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉన్న ఇళ్ళకు 2019 చట్టం ప్రకారం అయిదు వారాల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. తీసుకున్న దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టాలి. జర్మనీలో డిపాజిట్ పరిమితి మూడు నెలల అద్దె, అది కూడా వెచ్చదనం వంటి నిర్వహణ ఖర్చులు కలపని అద్దె మీద. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. కెనడాలోని క్విబెక్‌లో యజమాని డిపాజిట్ కోరడానికే వీల్లేదు. ఆంటారియోలో చివరి నెల అద్దెను ముందుగా తీసుకోవచ్చు గాని, ఇంటికి జరిగే నష్టాల పేరిట డిపాజిట్ తీసుకోకూడదు. జపాన్‌లో తిరిగి ఇచ్చే డిపాజిట్‌తో పాటు, యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే ‘రేకిన్’ అనే మొత్తం కూడా కొన్ని ఇళ్ళకు అడుగుతారు; అది తిరిగి రాదు. కాబట్టి అక్కడ నెల అద్దె తక్కువగా ఉండి రేకిన్ ఉన్న ఇల్లు, అద్దె కాస్త ఎక్కువైనా రేకిన్ లేని ఇంటికంటే ఆరు నెలలు ఉండేవారికి ఖరీదు కావచ్చు, మూడేళ్ళు ఉండేవారికి చవక కావచ్చు.

ఒంటరి ఫ్లాట్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పరిశోధన చివరి దశలో ఉన్నవారికీ, కుటుంబంతో వెళ్ళేవారికీ అది సబబే. మొదటిసారి వెళ్ళేవారికి దాని ఖర్చుకంటే ఏకాంతమే ఎక్కువ బరువవుతుంది. పైగా జర్మనీ వంటి చోట్ల ఖాళీ ఫ్లాట్ అంటే వంటగది సామగ్రి కూడా లేని ఫ్లాట్ కావచ్చు. స్థానిక కుటుంబంతో ఉండటం పద్దెనిమిదేళ్ళు నిండనివారికీ, భాష నేర్చుకోవడానికి వెళ్ళేవారికీ బాగా సరిపోతుంది. మిగిలినవారికి మొదటి నెల రెండు నెలల మజిలీగా పనికివస్తుంది.

హాస్టల్ దొరకనివారికి నా సలహా ఇది: రెండు నుంచి నాలుగు వారాలకు తాత్కాలిక వసతి తీసుకుని, అక్కడికి వెళ్ళాక కళ్ళతో చూసి ఇల్లు ఎంచుకోండి. ఆ కొద్ది వారాలు ఖరీదుగానే అనిపిస్తాయి, కానీ చూడని ఇంటికి ఏడాది లీజు రాయడం అంతకంటే ఖరీదు. అయితే ఇళ్ళ కొరత తీవ్రంగా ఉన్న ఊళ్ళకు ఈ సలహా వర్తించదు. నెదర్లాండ్స్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు, ముందుగా వసతి దొరకకపోతే రావద్దని విదేశీ విద్యార్థులకు చెప్పిన సందర్భాలున్నాయి. అలాంటి చోటికి వెళ్ళేవారు దూరం నుంచే ఇల్లు కుదుర్చుకోక తప్పదు కాబట్టి, వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించమనాలి. వీలైతే అక్కడే ఉన్న సీనియర్‌ను పంపి చూడమనాలి. ‘నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అన్న మాట వినబడితే అక్కడితో ఆగిపోవాలి. ఆ మాట వెనుక ఇల్లు ఉండదు.

ఆరోగ్య బీమా: తిరిగి మార్చుకోలేని ఎంపిక ఇక్కడే ఉంటుంది

ఇల్లు తప్పుగా ఎంచుకుంటే కొన్ని నెలల డబ్బు పోతుంది. బీమా తప్పుగా ఎంచుకుంటే నష్టం చదువంతా వెంటాడవచ్చు. దీనికి జర్మనీకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. అక్కడ 30 ఏళ్ళ లోపు విద్యార్థులకు చట్టబద్ధ ఆరోగ్య బీమాలో, అంటే చట్టం ఏర్పాటు చేసిన ప్రజా బీమాలో, తగ్గింపు రుసుముతో చేరే హక్కు ఉంది. ప్రైవేటు బీమా నెలసరి రుసుము ఇంకా తక్కువగా కనిపించి, కొందరు చట్టబద్ధ బీమా నుంచి మినహాయింపు తీసుకుంటారు. ఆ మినహాయింపు ఒకసారి తీసుకుంటే చదువు కొనసాగినంత కాలం తిరిగి చట్టబద్ధ బీమాలోకి రావడానికి వీల్లేదు. మొదటి నెలలో మిగిలే కొద్దిపాటి యూరోల కోసం మూడు నాలుగేళ్ళకు తలుపు మూసుకోవడం అవుతుంది. పైగా చాలా ప్రైవేటు పథకాల్లో ఆసుపత్రి బిల్లు ముందు మనమే కట్టి తరువాత తిరిగి రాబట్టుకోవాలి. 30 ఏళ్ళు దాటి వెళ్ళేవారికి ఈ హక్కు సాధారణంగా ఉండదు కనుక వారు ప్రైవేటు పథకాలను జాగ్రత్తగా పోల్చుకోవాలి. తక్కినవారికి నా సలహా చట్టబద్ధ బీమాయే.

అమెరికాలో చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. జె-1 వీసాపై, అంటే మార్పిడి కార్యక్రమాల మీద, ఉన్నవారికి ప్రభుత్వమే కనీస ప్రమాణాలు పెట్టింది: ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల వైద్య ఖర్చు వర్తించాలి, మనం ముందు భరించే మొత్తం 500 డాలర్లకు మించకూడదు. సాధారణ విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కు అలాంటి సమాఖ్య నియమం లేదు. ఏ బీమా ఉండాలో విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. చాలా విశ్వవిద్యాలయాలు తమ పథకాన్నే ఫీజుతో కలిపి వేస్తాయి, దానికి సమానమైన బయటి పథకం చూపిస్తే గడువులోపు మినహాయింపు ఇస్తాయి. బయటి పథకం సగం ధరకు దొరుకుతుందని సంబరపడేముందు అయిదు విషయాలు చూడాలి: బీమా సంస్థ చెల్లించడం మొదలుపెట్టేముందు మనం సొంతంగా భరించవలసిన డిడక్టిబుల్ ఎంత, ఆ తరువాత ప్రతి బిల్లులో మన వాటా ఎంత, ఏడాదిలో మన జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తానికి పరిమితి ఉందా, ప్రాంగణంలోని వైద్యశాలా దగ్గరి ఆసుపత్రీ ఆ పథకం నెట్‌వర్క్‌లో ఉన్నాయా, అప్పటికే ఉన్న జబ్బులకూ మానసిక వైద్యానికీ వర్తిస్తుందా. ఈ చివరిదాన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం, దేశం కాని దేశంలో చదువు ఒత్తిడి మోసే విద్యార్థికి మానసిక వైద్యం ఏదో ఒక రోజు అవసరపడటం అసాధారణం కాదు. చవక పథకాల్లో ముందుగా కోతపడేవాటిలో అదీ ఒకటి. ప్రయాణ బీమాను ఆరోగ్య బీమాగా పొరబడటం మరో సాధారణమైన తప్పు. ప్రయాణ బీమా ప్రధానంగా అత్యవసరాల కోసం. క్రమం తప్పకుండా వాడే మందులకూ, దీర్ఘకాలపు చికిత్సకూ దాన్ని నమ్ముకోలేము.

మిగిలిన దేశాల్లో ఎంపికకు చోటు తక్కువ. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించిన చదువుకు అక్కడికి వెళ్ళేవారు వీసాతో పాటే ఆరోగ్య రుసుము కట్టేస్తారు. అది 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. అక్కడ చేయవలసింది వెళ్ళిన మొదటి వారంలోనే దగ్గరి కుటుంబ వైద్యుని దగ్గర పేరు నమోదు చేయించుకోవడం. జబ్బు చేశాక నమోదుకు పరుగెత్తడం కష్టం. ఆస్ట్రేలియాలో వీసా కాలమంతటికీ విదేశీ విద్యార్థి బీమా తప్పనిసరి. వేర్వేరు సంస్థలు అమ్ముతాయి గాని అప్పటికే ఉన్న జబ్బులకు 12 నెలల వరకు వేచి ఉండవలసిన నిబంధన ఉంటుంది కనుక, అలాంటివారు ఆ ఏడాదికి మందుల ఖర్చు విడిగా లెక్క వేసుకోవాలి. జపాన్‌లో జాతీయ ఆరోగ్య బీమాలో చేరిన విద్యార్థి సాధారణంగా బిల్లులో 30 శాతం తాను కడతాడు. నెదర్లాండ్స్‌లో చదువుకోవడానికి మాత్రమే వెళ్ళిన విద్యార్థి పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరితే అక్కడి ప్రాథమిక ఆరోగ్య బీమా తీసుకోవడం తప్పనిసరి అవుతుంది. ఉద్యోగం వల్ల వచ్చే జీతాన్ని లెక్కించేటప్పుడు ఆ రుసుమును కూడా తీసివేసి చూడాలి.

డబ్బు తెప్పించుకునే దారి

ముందుగా డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు, ఇంటి బ్యాంకు కార్డు, ఆన్‌లైన్ బదిలీ సంస్థలు, బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్ బదిలీ. ఈ నాలుగింటినీ పోల్చేటప్పుడు ‘రుసుము సున్నా’ అన్న ప్రకటనను పక్కన పెట్టండి. సంస్థకు ఆదాయం రెండు చోట్ల నుంచి వస్తుంది: బయటికి చెప్పే రుసుము ఒకటి, మారకపు రేటులో కలిపే తేడా ఒకటి. పోల్చవలసిన అంకె ఒక్కటే. ఇక్కడ ఇంత మొత్తం కడితే అక్కడి ఖాతాలో చివరికి ఎంత పడుతుంది? ఒకే రోజు, ఒకే గంటలో, అదే మొత్తానికి అన్నిచోట్లా ఆ అంకె రాసుకుని చూస్తే సంగతి తేలిపోతుంది. స్విఫ్ట్ బదిలీలో మధ్యలో ఉన్న బ్యాంకులు కూడా కొంత కోసుకోవచ్చు కాబట్టి, ఫీజు కట్టేటప్పుడు విశ్వవిద్యాలయానికి కొద్దిపాటి తక్కువ చేరి, ఫీజు బాకీ ఉన్నట్టు చూపించే అవకాశం ఉంది. ఖర్చులన్నీ పంపేవారే భరించే పద్ధతి ఎంచుకుంటే చాలావరకు ఆ ఇబ్బంది తప్పుతుంది.

విదేశంలో దుకాణంలో గాని, ఏటీఎంలో గాని ‘మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా’ అని యంత్రం అడిగితే వద్దని, స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. మొదటిదాన్ని ఎంచుకుంటే రేటు ఆ యంత్రం వెనుక ఉన్న సంస్థ నిర్ణయిస్తుంది, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే.

మొదటి నెలకు ఫారెక్స్ కార్డూ కొంత నగదూ సరిపోతాయి, ఆ తరువాత స్థానిక బ్యాంకు ఖాతా తెరవాలి. యాప్ మాత్రమే ఉన్న కొత్త సంస్థలో ఖాతా త్వరగా తెరుచుకుంటుంది. శాఖ ఉన్న బ్యాంకులో ఆలస్యం అవుతుంది గాని, ఇంటి యజమానులు కోరే ధ్రువపత్రాలు సులువుగా ఇస్తుంది. ఏది ఎంచుకున్నా అది, బ్యాంకు మూతపడినా దాచుకున్న డబ్బు తిరిగి ఇప్పించే డిపాజిట్ హామీ పరిధిలోకి వచ్చే బ్యాంకేనా అన్నది చూసుకోవాలి. ఐరోపా సమాఖ్యలో ఆ హామీ ఒక్కో బ్యాంకులో 1,00,000 యూరోల వరకు, అమెరికాలో 2,50,000 డాలర్ల వరకు ఉంటుంది. డబ్బు దాచే ప్రతి యాప్ బ్యాంకు కాదు.

ఫోను

మొదటి ఆరు నెలలకు ప్రీపెయిడ్. ఇందులో పెద్దగా తర్కించవలసింది లేదు. ఫోన్ పరికరంతో కలిపి రెండేళ్ళ ఒప్పందం చవకగా కనిపించినా, ఏడాది చదువుకు వెళ్ళినవారికి అది మిగిలిన నెలల బాకీగా మారుతుంది. ఇంటి నంబరును మాత్రం వదులుకోవద్దు. ఇంటి బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. పాత నంబరును రోమింగ్‌లో సందేశాలు మాత్రం అందుకునేలా తక్కువ ఖర్చు పథకంలో ఉంచి, స్థానిక నంబరును ఈ-సిమ్‌గా పెట్టుకుంటే ఒకే ఫోన్‌లో రెండూ నడుస్తాయి. బయలుదేరేముందే ఆ ఫోన్ ఏ నెట్‌వర్క్‌కూ తాళం వేసి లేదని నిర్ధారించుకోవాలి.

పార్ట్‌టైమ్ పని: ప్రాంగణంలోనా, బయటా?

జీతం గంటకు ఎంత అన్న పోలిక ఇక్కడ చివరికి రావాలి, ఎందుకంటే ఇందులో తప్పు జరిగితే పోయేది వీసా. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి చదువు జరిగే కాలంలో ప్రాంగణంలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో ప్రాంగణం బయట పనికి అనుమతి ఉండదు. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి విద్యార్థికి తరగతులు జరిగే కాలంలో సాధారణంగా వారానికి 20 గంటలు, కెనడాలో 2024 నవంబరు 8 నుంచి ప్రాంగణం బయట వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో 2023 జూలై 1 నుంచి పక్షానికి 48 గంటలు, జర్మనీలో 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి దినాలు లేదా 280 అర దినాలు. జపాన్‌లో ముందుగా అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు.

ఈ గంటలను ఎలా లెక్కిస్తారన్నది గంటల సంఖ్యంత ముఖ్యం. బ్రిటన్‌లో వారం అంటే సోమవారంతో మొదలయ్యే ఏడు రోజులు. ఒక వారం 25 గంటలు చేసి మరుసటి వారం 15 చేశానని సగటు చెప్పుకోవడానికి లేదు. ఇద్దరు యజమానుల దగ్గర చేస్తే రెండింటి గంటలూ కలుస్తాయి. స్వయం ఉపాధి కూడా అక్కడ విద్యార్థి వీసాపై నిషిద్ధం, కాబట్టి సొంతంగా ఆర్డర్లు తీసుకుని చేసే పనులు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా ముట్టుకోకూడదు. బయటి పనిలో చేతికి నగదు ఇచ్చి, లెక్కలో చూపించను అనే యజమానులు తటస్థపడతారు. గంటకు ఎంత ఎక్కువ ఇచ్చినా ఆ దారి పట్టవద్దు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేని స్థితిలో పడతారు. ప్రాంగణంలోని గ్రంథాలయం పని గంటకు తక్కువ ఇచ్చినా ప్రయాణం మిగులుతుంది, పరీక్షల వారంలో సెలవు అడిగితే అర్థం చేసుకుంటారు, గంటల పరిమితి వారికి తెలిసే ఉంటుంది. మొదటి ఏడాదికి ఇవన్నీ డబ్బుతో సమానం.

ఇల్లు మారిన ప్రతిసారీ, ఇల్లు వదిలే రోజున

మొదటి ఇంటి నుంచి రెండో ఇంటికి మారేటప్పుడు చిరునామా తెలపడం మరవకూడదు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి 10 రోజుల్లో విశ్వవిద్యాలయంలోని సంబంధిత అధికారికి, ఆస్ట్రేలియాలో 7 రోజుల్లో విద్యాసంస్థకు తెలపాలి. ఇది వీసాకు సంబంధించిన బాధ్యత.

ఇంట్లో చేరిన రోజే గోడలు, నేల, కిటికీలు, పొయ్యి, పరుపు అన్నింటికీ తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీసి యజమానికి ఈమెయిల్ చేయాలి. కరెంటు, గ్యాసు మీటర్ల అంకెలు కూడా అందులో ఉండాలి. ఖాళీ చేసే రోజున మళ్ళీ అవే చోట్ల, అదే వరుసలో తీయాలి. డిపాజిట్ కోతల మీద వచ్చే తగువుల్లో విద్యార్థి వైపు నిలిచే సాక్ష్యం ఇదే. గుర్తుంచుకోవలసిన మరో సంగతి ఉంది. డిపాజిట్ చాలాసార్లు ఇల్లు ఖాళీ చేసిన రోజున చేతికి రాదు; ఆఖరి బిల్లులు తేలాక, వారాల తరువాత స్థానిక ఖాతాలోనే పడుతుంది. చదువు ముగించుకుని వచ్చేసేవారు ఆ తొందరలో బ్యాంకు ఖాతా మూసేసి, ఫోన్ నంబరు రద్దు చేసుకుంటే, తిరిగి రావలసిన డబ్బుకు చిరునామా లేకుండా పోతుంది. డిపాజిట్ జమ అయినట్టు చూసుకుని, దాన్ని ఇంటి ఖాతాకు పంపుకున్న తరువాతే స్థానిక ఖాతాను, ఆ ఖాతాకు ఓటీపీలు వచ్చే నంబరును, ఆ వరుసలోనే మూసివేయండి.